చేత్తో గీసిన పేకముక్కలు

అరసవల్లి పేరు విననివారు మన ప్రాంతంలో ఉండరు. అది శ్రీకాకుళాన్ని ఆనుకునే ఉంది. అక్కడ సూర్యనారాయణ స్వామి గుడి ఉంది. రథసప్తమి నాడు ఆ వీధుల్లో ఇసుక వేస్తే రాలదు. మార్చిలోను, అక్టోబరులోను కొన్ని రోజులు పొద్దుటి ఎండ నేరుగా గుడిలోకి వచ్చి స్వామి పాదాల మీద పడుతుంది.

సూర్యుడు పొద్దును నడుపుతాడు. ఒక పేకాటను కూడా సూర్యుడే నడుపుతాడంటే నమ్ముతారా? అలాంటి ఆట ఉంది. దాని పేరు గంజీఫా. ఒరియా వాళ్లు గంజపా అంటారు. ఆ ఆటలో చీట్లు గుండ్రంగా ఉంటాయి. అవి అచ్చులో వేసినవి కావు. ఒక్కొక్కటీ చేత్తో గీసినవి.

ఎక్కడిది ఈ ఆట?

ఈ ఆట పారశీక దేశం నుంచి మన దేశానికి వచ్చింది. 1527లో బాబరు చక్రవర్తి సింధు పాలకుడికి ఈ చీట్లు పంపాడు. ఆ సంగతి తన ఆత్మకథలో రాసుకున్నాడు. అక్బరు కొలువులో 144 చీట్ల ఆట ఉండేది.

రాజుల ఆట మెల్లగా జనంలోకి వచ్చింది. మన చిత్రకారులు ఆ చీట్ల మీద దశావతారాలు గీశారు. రాయలసీమలో నొస్సం ఊళ్లో ఈ చీట్లు చేసేవారు. ఒరిస్సాలో పూరీ దగ్గర రఘురాజపురంలో ఇప్పటికీ చేస్తున్నారు. మనకు బాగా దగ్గరిది పర్లాకిమిడి. పాతపట్నం దాటితే పర్లాకిమిడే. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా శ్రీకాకుళం, పర్లాకిమిడి ఒకే గంజాం జిల్లాలో ఉండేవి. ఆ పర్లాకిమిడి కూడా గంజపా చీట్లకు పేరు పొందిన ఊరే.

దశావతారాల ఆటలో ఒక చిత్రమైన నియమం ఉంది. పగలు ఆడితే రాముడి చీటీ ఉన్నవారు ఆట మొదలుపెట్టాలి. రాత్రి ఆడితే కృష్ణుడి చీటీ ఉన్నవారు మొదలుపెట్టాలి. రాముడు సూర్యవంశం వాడు. కృష్ణుడు చంద్రవంశం వాడు. పొద్దు ఉందా, గుంకిందా అని చూసుకుని ఆటకు కూర్చోవాలన్నమాట!

ఒక కట్టకు ఎన్ని బొమ్మలు?

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. కాగితం, పెన్సిలు తీసుకోండి.

అవతారాలు 10. ఒక్కొక్క అవతారానికి 12 చీట్లు. మొత్తం 120 చీట్లు.

ప్రతి పన్నెండులో ఒకటి రాజు, ఒకటి మంత్రి. ఈ రెండింటి మీదా మనుషుల బొమ్మలు, దేవుళ్ల బొమ్మలు ఉంటాయి. మిగిలిన పదీ అంకెల చీట్లు. మత్స్యావతారం చీట్ల మీద చేపలు ఉంటాయి. ఒకటో చీటీ మీద ఒక చేప, రెండో దాని మీద రెండు, పదో దాని మీద పది. కూర్మానికి తాబేళ్లు. పరశురాముడికి గొడ్డళ్లు.

ఒకటి నుంచి పది వరకు కూడండి. 55 వచ్చిందా? పది అవతారాలకు 550 గుర్తులు. వీటికి తోడు రాజులు, మంత్రులు 20 మంది. గుర్తుకు ఒక్క నిమిషం పట్టినా, 550 గుర్తులకే తొమ్మిది గంటలు దాటుతుంది. రాజు ముఖం నిమిషంలో రాదు కదా!

చీటీ ఎలా తయారవుతుంది?

ముందు చింతపిక్కలు నానబెట్టి, రుబ్బి, ఉడికించి జిగురు చేస్తారు. పాత నూలు గుడ్డలను ఆ జిగురుతో ఒకదాని మీద ఒకటి అతికిస్తారు. సుద్దపొడి జిగురులో కలిపి పూస్తారు. ఎండలో ఆరబెడతారు. నున్నటి రాయితో రుద్దుతారు. అట్ట గట్టిపడి మెరుస్తుంది. అప్పుడు గుండ్రంగా కోస్తారు.

రంగులు కూడా ఇంట్లోనే నూరుకునేవారు. శంఖం పొడితో తెలుపు. దీపం మసితో నలుపు. ఇంగిలీకంతో ఎరుపు. హరిదళంతో పసుపు. రంగు అంటుకోవడానికి వెలగ బంక కలుపుతారు. ఆఖరున లక్క పూత వేస్తారు. అప్పుడు చేతి చెమటకు రంగు పోదు.

జిగురు, గుడ్డ, పూత పనులు ఎక్కువగా ఆడవాళ్లే చేస్తారు. బొమ్మ గీసినవాడి పేరు నలుగురికీ తెలుస్తుంది. అట్ట చేసిన ఆమె పేరు ఎవరూ అడగరు. కానీ అట్ట బాగా లేకపోతే ఎంత మంచి బొమ్మ అయినా పెచ్చులూడిపోతుంది.

పది రోజుల్లో కావాలంటే?

పండగ ముందు ఒకాయన వచ్చి, "పది రోజుల్లో ఒక కట్ట కావాలి" అన్నాడనుకుందాం. పని బేగి అవ్వాలి. రోజు దాటితే ఆయన తీసుకోడు. తీసుకోకపోతే ఇంట్లోకి బియ్యం రావు. ఎలా?

పని తెలియనివాడు మొదటి చీటీ తీసుకుంటాడు. ఎరుపు వేస్తాడు. కుంచె కడుగుతాడు. పసుపు వేస్తాడు. మళ్లీ కడుగుతాడు. తడి ఆరకముందే నల్లగీత గీస్తాడు. రంగు పాకిపోతుంది. సాయంత్రానికి పది చీట్లు కూడా కావు.

పని తెలిసినవాడు చీటీ వెంట చీటీ చేయడు. రంగు వెంట రంగు వేస్తాడు. ముందు చీట్లన్నీ చాప మీద పరుస్తాడు. అన్నిటికీ వెనక రంగు పూస్తాడు. ఆఖరి చీటీ అయ్యేసరికి మొదటిది ఆరి ఉంటుంది. తరవాత ఎరుపు ఉన్న చోట్లన్నీ ఎరుపు. తరవాత పసుపు. ఈ పూతలు ఇంట్లో పిల్లలూ నేర్చుకుంటూ వేస్తారు. కళ్లు, ముక్కు, సన్నటి నల్లగీతలు ఆఖరున చేయి తిరిగిన పెద్దవాడు గీస్తాడు. చేపకు రెండు వంపులు, ఒక చుక్క చాలు. అలా మిగిలిన పొద్దును రాజు ముఖానికి పెడతాడు.

రెండు చోట్ల మాత్రం తొందర పనికిరాదు. ఒకటి ఆరబెట్టడం. సూర్యుడిని ఎవరూ తొందరపెట్టలేరు. ముసురు పట్టిందంటే పని ఆగిపోయినట్టే.

రెండోది చీటీ వీపు. 120 వీపులూ ఒక్కలా ఉండాలి. ఒక్కదాని మీద మరక పడినా, అది ఏ చీటీయో ఎదుటివాడు గుర్తుపట్టేస్తాడు. ఇక ఆట సాగదు. ముందువైపు ముక్కు కొంచెం వంకరైనా ఫరవాలేదు. వీపు మీద చుక్క పడితే ఆ చీటీ మళ్లీ చేయాల్సిందే.

అచ్చు పేక వచ్చాక

తరవాత అచ్చులో వేసిన 52 ముక్కల పేక వచ్చింది. అది చవక. పోయినా వెంటనే ఇంకోటి దొరుకుతుంది. చేత్తో గీసిన 120 చీట్లు దానితో పోటీ పడలేకపోయాయి. చాలా ఊళ్లలో పని ఆగిపోయింది. అయితే మహారాష్ట్రలో సావంతవాడి రాజకుటుంబం 1970ల్లో ఒక ముసలి కళాకారుడి దగ్గర ఈ పని నేర్చుకుంది. మరికొందరికి నేర్పించింది. ఆయన ఉండగానే నేర్చుకున్నారు కాబట్టి అక్కడ పని నిలిచింది. పనివాడితో పాటు పని పోకూడదు. ఒకరి చేతిలోనిది ఇంకొకరి చేతిలోకి రావాలి.

పేక అనగానే పందెం గుర్తుకొస్తుంది. పందెం కొంపలు కూల్చింది. ఆ మాట నిజమే. కానీ బొమ్మల చీట్లతో పిల్లలకు అంకెలు, అక్షరాలు కూడా నేర్పవచ్చు.

మీరూ చేయండి

పాత శుభలేఖల అట్టలు తీసుకోండి. ఒకే కొలతలో 20 ముక్కలు కోయండి. పది ముక్కల మీద పది బొమ్మలు వేయండి. మిగిలిన పదింటి మీద వాటి పేర్లు రాయండి. ముందు అన్నీ కోయండి. తరవాత అన్నిటికీ ఒక రంగు వేయండి. ఆరనివ్వండి. అప్పుడు గీతలు గీయండి. బొమ్మకు పేరు జత చేసే ఆట తయారు!

ఆలోచించండి

1. ఎనిమిది రంగుల ఆటలో రంగుకు 12 చొప్పున మొత్తం ఎన్ని చీట్లు?
2. మీ ఇంటి పనిలో తొందర పనికిరానిది ఏది?
3. మీ ఊళ్లో ఒకే ఒక్కరికి తెలిసిన పని ఏదైనా ఉందా? అది ఎవరు నేర్చుకుంటున్నారు?