అద్దం ముందు నాలుగో రోజు

రొమ్ములకు కాస్మెటిక్ సర్జరీ చేయించుకున్నాక గాయం ఎలా మానుతుందో డాక్టర్లు వివరంగా చెబుతారు. మరి మనసు సంగతి?

ఏళ్ల తరబడి ఆలోచించి, డబ్బు కూడబెట్టి, భర్తనో అమ్మనో ఎలాగోలా ఒప్పించి చేయించుకున్న ఆపరేషన్. బాగా జరిగిందన్నారు. ఇంటికొచ్చేశారు. నాలుగో రోజు కట్టు మార్చేటప్పుడు అద్దంలో చూసుకుంటే... వాపు, కమిలి నల్లబడ్డ చర్మం, కుట్లు. ఒకవైపు ఒకలా, రెండోవైపు మరోలా! 'అయ్యో, ఎంత పని చేశాను' అని గుండె జారిపోతుంది. ఏడుపు ఆగదు. పోనీ ఎవరితోనైనా చెప్పుకుందామంటే, 'నిన్నెవరు చేయించుకోమన్నారు?' అంటారేమోనని భయం.

ఈ భయమే అసలు బాధ. గాల్ బ్లాడర్ తీయించుకున్న మనిషికి మంచం దగ్గరకే హార్లిక్స్ సీసాలు, బత్తాయిలు వస్తాయి. రొమ్ముకు సర్జరీ అంటే మాత్రం ఇంట్లోనే గుసగుసలు. ఒంట్లో బాగాలేక చేయించుకుంటే జాలి, ఇష్టపడి చేయించుకుంటే నేరం అన్నట్టుంటుంది మన వరస.

నిజానికి అందరూ అందం కోసమే వెళ్లరు. రొమ్ముల బరువుతో మెడ, భుజాలు, వీపు లాగేసేవాళ్లు, బ్రా పట్టీలు ఒరుసుకుని భుజాల మీద గాళ్లు పడ్డవాళ్లు, ఎండాకాలమంతా రొమ్ముల కింద ఒరుపులతో బాధపడేవాళ్లు ఎందరో! రొమేనియా టెన్నిస్ క్రీడాకారిణి సిమోనా హాలెప్ అలాంటి ఇబ్బందితోనే 2009లో, 17 ఏళ్లకే, రొమ్ముల పరిమాణం తగ్గించుకుంది. ఆటగత్తెను కాకపోయినా ఈ సర్జరీ చేయించుకునేదాన్నని దాపరికం లేకుండా చెప్పింది. ఆ తర్వాత 2018లో ఫ్రెంచ్ ఓపెన్, 2019లో వింబుల్డన్ గెలిచింది. ఇక మన పక్కనే చెన్నైలో, స్టాన్లీ ప్రభుత్వాసుపత్రిలో 2018లో ఇలాంటి సర్జరీలు ఉచితంగా చేస్తామన్నప్పుడు పెద్ద చర్చే నడిచింది. ప్రభుత్వ సొమ్ముతో అందమా అని కొందరు, పేదవాళ్లకెందుకు ఉండకూడదని కొందరు.

దిగులు ఎక్కడి నుంచి?

సర్జరీ తర్వాత మొదటి వారం, పది రోజుల్లో మనసు కుంగినట్టు ఉండటం చాలామందిలో కనిపించేదే. దీనికి కొంత కారణం ఒంట్లోనే ఉంది. మత్తుమందు ప్రభావం, రక్తం పోయిన నీరసం, కడుపులో తిప్పే నొప్పి మాత్రలు, వాటితో వచ్చే మలబద్ధకం... అన్నీ ఒకేసారి మీద పడతాయి. వాంతులు, వాపు రాకుండా ఇచ్చిన స్టెరాయిడ్ ప్రభావం తగ్గగానే కొందరికి ఒక్కసారిగా నిస్సత్తువ ఆవరిస్తుంది. వీటికి తోడు నిద్ర ఉండదు. పక్కకు తిరిగి పడుకునే అలవాటున్న మనిషిని వారాల తరబడి తల ఎత్తులో పెట్టుకుని వెల్లకిలా పడుకోమంటే నిద్రెలా పడుతుంది?

బాలింతలకు మూడోనాడో నాలుగోనాడో ఉన్నట్టుండి కన్నీళ్లు వస్తాయి, చూశారా! కారణాలు వేరు కావచ్చు, ఇదీ అలాగే వచ్చి అలాగే పోతుంది. చాలామందికి రెండు వారాలు తిరిగేసరికి తేలికపడుతుంది.

అది తుది రూపం కాదు

అద్దంలో కనిపించినదాన్ని చూసి తీర్పు చెప్పేసుకోవడం ఈ దశలో జరిగే పెద్ద పొరపాటు. ఇంప్లాంట్లు పెట్టినప్పుడు, ముఖ్యంగా కండరం కింద అమర్చినప్పుడు, మొదట్లో అవి పైకెక్కినట్టు, గట్టిగా ఉంటాయి. కండరం వదులై అవి కిందికి దిగి కుదురుకోవడానికి నెలలు పడుతుంది. వాపు చాలావరకు ఆరు వారాల్లో తగ్గినా, అసలు ఆకారం తెలియాలంటే మూణ్నెల్ల నుంచి ఆర్నెల్లు ఆగాల్సిందే. రెండు వైపులా ఒకే వేగంతో మానవు. అందుకే ఒకటి చిన్నది, ఒకటి పెద్దది అనిపిస్తుంది. మచ్చలైతే మొదటి నెలల్లో ఇంకా ఎర్రబడి, తర్వాత ఏడాది, ఏడాదిన్నరలో మెల్లగా పాలిపోతాయి.

చనుమొన దగ్గర స్పర్శ తెలియకపోవడం, లేదా బట్ట తగిలినా జిల్లుమనడం మరో కంగారు. ఉన్నట్టుండి కరెంటు షాకు కొట్టినట్టు చురుక్కుమంటుంది. తెగిన, లాగిన నరాలు మళ్లీ కోలుకునేటప్పుడు ఇలా ఉంటుంది. నెలల్లో సర్దుకోవడమే ఎక్కువ. కానీ కొందరికి స్పర్శ పూర్తిగా తిరిగి రాదు. ఇంప్లాంట్లు జీవితాంతం ఉండేవి కావు, ఎప్పుడో మళ్లీ ఆపరేషన్ అవసరం పడొచ్చు. పరిమాణం తగ్గించుకున్నవారికి తర్వాత బిడ్డకు పాలివ్వడం కష్టం కావచ్చు. ఈ మాటలు ముందే చెప్పించుకున్నవాళ్లు తట్టుకుంటారు. తర్వాత తెలిసినవాళ్లు మోసపోయామనుకుంటారు. మానసిక బాధలో సగం ఇక్కడే పుడుతుందని నాకనిపిస్తుంది.

రోజూ నాలుగుసార్లు చూసుకోవడం మానేసి, వారానికోసారి ఒకే చోట, ఒకే వెలుతురులో ఫోన్‌తో ఫొటో తీసుకుని పెట్టుకోండి. ఆరో వారంలో మొదటి వారం ఫొటో చూస్తే తేడా మీకే తెలుస్తుంది. ఇంటర్నెట్‌లో పక్కవాళ్ల 'ముందు, తర్వాత' ఫొటోలతో పోల్చుకోవడం మాత్రం వద్దు. వాళ్ల 'తర్వాత' ఎన్ని నెలల తర్వాతో మీకేం తెలుసు!

జడ వేసుకోలేని చేతులు

కొన్ని వారాలు చేతులు పైకెత్తకూడదు, బరువులు మోయకూడదు. చెప్పడానికి ఒక్క వాక్యమే. కానీ జడ వేసుకోలేరు. అటక మీది డబ్బా, పైఅరలోని పోపుల పెట్టె అందుకోలేరు. బిందె ఎత్తలేరు. అన్నిటికన్నా, ఎత్తుకోమని చేతులు చాచే రెండేళ్ల బిడ్డకు 'వద్దు నాన్నా' అని చెప్పాలి. ఇంటిని ఒంటిచేత్తో నడిపే ఇల్లాలికి నొప్పికన్నా ఇదే ఎక్కువ. 'నా సోకు కోసం వీళ్లందరినీ ఇబ్బంది పెడుతున్నా' అన్న అపరాధభావం ఇక్కడే మొదలవుతుంది.

దీనికి మందు ముందు ఏర్పాటే. రోజూ వాడే సామాన్లు నడుమెత్తు అరల్లోకి దించండి. ముందు గుండీలున్న నైటీలు, జాకెట్లు సిద్ధం చేసుకోండి. బిడ్డను మీరు ఎత్తుకోలేకపోయినా, కూర్చున్న మీ పక్కకు ఎవరైనా తెచ్చి కూర్చోబెట్టొచ్చు. సాయానికి వచ్చేది అక్కా, అత్తా, స్నేహితురాలా అన్నది ఆపరేషన్ తేదీతో పాటే తేల్చుకోవాలి.

ఎవరికి చెప్పాలి? అందరికీ చెప్పక్కర్లేదు. 'చిన్న ఆపరేషన్ అయింది, విశ్రాంతి తీసుకోమన్నారు' అంటే పక్కింటి పిన్నిగారికి చాలు. అయితే నిజం తెలిసిన మనిషి ఒక్కరైనా ఇంట్లో ఉండాలి. భర్త ఆ ఒక్కరూ అయితే మరీ మంచిది. ఆయన చేయాల్సిందల్లా 'బాగుందా, బాగాలేదా' అన్న ప్రశ్నకు ఇప్పుడే జవాబు చెప్పకుండా ఉండటం, 'డబ్బంతా దండగ' అనకుండా ఉండటం. దాంపత్యం విషయంలో డాక్టర్ చెప్పిన గడువు దాకా ఆగడమూ ఆయన సాయమే.

అన్నట్టు, పప్పు తింటే చీము పడుతుందని పెద్దవాళ్లు పథ్యం పెడతారు. ఇది ప్రేమతో చేసే పొరపాటు. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి. డాక్టర్ వద్దంటే తప్ప పప్పు, గుడ్లు, పెరుగు హాయిగా తినండి. కడుపు నిండిన మనిషికి దిగులూ కొంచెం తక్కువే.

ముదిరితే ఆగొద్దు

స్వీడన్, డెన్మార్క్ పరిశోధకులు 2003, 2004లలో ఒక సంగతి బయటపెట్టారు. కాస్మెటిక్ ఇంప్లాంట్లు పెట్టించుకున్న మహిళల్లో ఆత్మహత్యలు మామూలు కన్నా ఎక్కువని. సర్జరీయే కారణమని దానర్థం కాదు. వారిలో కొందరు అంతకుముందే మానసిక సమస్యలతో ఆసుపత్రిలో చేరినవారని డెన్మార్క్ అధ్యయనంలోనే తేలింది. అందుకే గతంలో డిప్రెషన్ వచ్చి ఉంటే, మందులు వాడుతూ ఉంటే సర్జన్ దగ్గర దాచకూడదు. తన శరీరంలో ఏదో లోపముందని పగలూ రాత్రీ వేధించుకునేవారికి కత్తి తీర్చేది తక్కువ. ముందు వెళ్లాల్సింది సైకియాట్రిస్టు దగ్గరికే.

రెండు వారాలు దాటినా ఏడుపు తగ్గకపోయినా, తిండి సయించకపోయినా, చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే ఇంట్లో చెప్పండి, డాక్టర్‌కు చెప్పండి. 2022లో మొదలైన టెలీ మానస్ 14416 నంబరుకు రాత్రీపగలూ ఎప్పుడైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు, ఉచితం. జ్వరం, ఒకవైపే హఠాత్తుగా వాపు, పాకుతున్న ఎరుపు, చీము కనిపిస్తే ఆ రోజే సర్జన్‌కు చూపించాలి. ఆయాసం, పిక్కలో నొప్పి వస్తే అర్ధరాత్రయినా సరే, ఆసుపత్రికి బయల్దేరాల్సిందే.