శరణార్థి భయమునకు కొలత యెంత?

పరదేశము చేరి, "నన్ను తిరిగి పంపకుడు" అని వేడుకొనువాని మాట నిజమని తెలియుట యెట్లు? హింసించువాడు రసీదు వ్రాసి యీయడు గదా! న్యాయమూర్తి యెదుట తరచుగా నుండునది ఆ మనిషి వాఙ్మూలమే.

1979లో నికరాగ్వానుండి అమెరికాకు సందర్శకురాలిగా వచ్చిన యొక స్త్రీ గడువు దాటియు నిలిచిపోగా, ఆమెపై దేశబహిష్కరణ చర్య ఆరంభమైనది. తన సోదరుడు రాజకీయ కారణములచే చిత్రహింసల పాలయ్యెననియు, తిరిగి పోయినచో తన్నును విడువరనియు ఆమె చెప్పుకొన్నది. వలస న్యాయమూర్తి అంగీకరింపలేదు. అప్పీళ్ళ బోర్డును అంతే. హింస జరుగుటకే యెక్కువ అవకాశమున్నదని ఆమె నిరూపింపలేదట! ఫెడరల్ అప్పీలు కోర్టు దీనిని తప్పుపట్టగా, ప్రభుత్వము సుప్రీంకోర్టుకు పోయినది.

1987 మార్చి 9న ఆరుగురు న్యాయమూర్తులు ఆమె పక్షమునను, ముగ్గురు ప్రతికూలముగను నిలిచిరి. బహిష్కరణను తప్పనిసరిగా నిలుపవలెనన్నచో ప్రమాదము సగముపాలు మించవలెను. ఆశ్రయమునకు అర్హత పొందుటకు మాత్రము "సహేతుకమైన భయము" చాలును. పదింట ఒక పాలు అవకాశమున్నను అట్టి భయము కలుగవచ్చును. 1951 నాటి శరణార్థుల ఒడంబడికలోని ఈ మాటనే అమెరికా 1980లో తన చట్టమున చేర్చుకొన్నది. ప్రాణభయమును అంకెలతో కొలుచుట వింతగా తోచవచ్చును. కాని కొలత లేనిచోట అధికారి యిష్టమే కొలతయగును.

శ్రోతలు ఒకటి గమనింపవలెను. సుప్రీంకోర్టు ఆమెకు ఆశ్రయ మీయలేదు. సరియైన కొలబద్దతో మరల విచారింపుడన్న క్రింది కోర్టు ఆజ్ఞను ఖాయపరచినది, అంతియే. అర్హురాలని తేలినను, ఆశ్రయమిచ్చుట ప్రభుత్వ విచక్షణకే విడువబడినది.