వెబ్ అప్లికేషన్ నెమ్మదిస్తే వెతకవలసిన చోటు

సంక్రాంతి సెలవులకు విజయవాడ వైపు వెళ్లేందుకు హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్, హయత్‌నగర్‌లలో బస్సెక్కే ప్రయాణికులలో చాలామంది ఇప్పుడు టికెట్‌ను ముందుగానే ఫోన్‌లో తీసుకుంటున్నారు. ఫణీంద్ర సామ, సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజు కలిసి 2006లో రెడ్‌బస్‌ను స్థాపించిన నాటికి కొత్తగా ఉన్న ఆన్‌లైన్ టికెట్ పద్ధతి నేడు నిత్యావసరమైంది గనుక, బస్సుల జాబితా తెరుచుకోవడానికి పట్టే వ్యవధి కేవలం సాంకేతిక నిపుణుల పట్టింపు కాదు. వెబ్ వాడకంపై పరిశోధించిన జేకబ్ నీల్సన్ 1993లో వివరించిన ప్రకారం, సమాధానం ఒక సెకనులోపు వస్తే మనిషి ఆలోచన తెగిపోదు. పది సెకన్లు దాటితే దృష్టి మరోవైపు మళ్లిపోతుంది.

ఇటువంటి సేవలను సాధారణంగా వెబ్ ఫ్రేమ్‌వర్క్‌ల మీద నిర్మిస్తారు. లాగిన్, పేజీల కూర్పు, డేటాబేస్‌తో సంభాషణ వంటి ప్రతి సైటుకూ అవసరమయ్యే పనులను ముందే రాసిపెట్టిన సాఫ్ట్‌వేర్ చట్రమే ఫ్రేమ్‌వర్క్. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో ఒక వార్తాపత్రిక కార్యాలయంలో రూపుదిద్దుకుని 2005లో బయటికి వచ్చిన జాంగో, 2004లో వచ్చిన రూబీ ఆన్ రెయిల్స్, జావా ప్రపంచంలో విస్తరించిన స్ప్రింగ్ ఈ కోవకు చెందినవే. పేజీ నెమ్మదించినప్పుడు ముందుగా ఫ్రేమ్‌వర్క్‌నే నిందించడం, ఆ వెంటనే మరింత పెద్ద సర్వర్‌ను అద్దెకు తీసుకోవడం చాలాచోట్ల కనిపించే అలవాటు. ఎక్కువ సందర్భాలలో ఈ రెండూ డబ్బు ఖర్చు చేయించేవే తప్ప జబ్బును తాకేవి కావు.

కాలం ఎక్కడ ఖర్చవుతున్నదో కొలవకుండా ఏ మార్పూ చేయకూడదు. బ్రౌజర్‌లోనే ఉండే నెట్‌వర్క్ ట్యాబ్‌ను తెరిస్తే, సర్వర్ నుంచి మొదటి బైటు రావడానికి పట్టిన కాలమూ, ఆ తరువాత బొమ్మలు, స్క్రిప్టులు దిగడానికి పట్టిన కాలమూ వేర్వేరుగా కనిపిస్తాయి. మొదటిది తక్కువగా ఉండి రెండవది ఎక్కువైతే సర్వర్‌ను తవ్వి ప్రయోజనం లేదు. జీన్ ఆమ్డాల్ 1967లో సమాంతర కంప్యూటర్ల విషయంలో చెప్పిన సూత్రం ఇక్కడా వర్తిస్తుంది: నాలుగు సెకన్ల పేజీలో ఫ్రేమ్‌వర్క్ సొంత పనికి పట్టేది 0.2 సెకన్లే అయితే, దాన్ని పూర్తిగా తొలగించినా 3.8 సెకన్లు మిగిలే ఉంటాయి. సగటును నమ్మడం మరో ప్రమాదం. నూరు అభ్యర్థనలలో 95 అభ్యర్థనలు 0.2 సెకన్లలో ముగిసి, మిగిలిన ఐదింటికి ఎనిమిదేసి సెకన్లు పట్టినా సగటు 0.59 సెకన్లుగానే కనిపిస్తుంది. ఆ ఐదుగురు ప్రయాణికుల ఇబ్బంది అంకెలో ఎక్కడా ఉండదు.

కొలిచి చూసినప్పుడు అత్యంత తరచుగా పట్టుబడే దోషాన్ని నిపుణులు ‘ఎన్ ప్లస్ వన్’ అంటారు. ఒక బస్సుల జాబితాను ఉదాహరణగా తీసుకుంటే, అరవై బస్సులను తెచ్చే ప్రశ్న డేటాబేస్‌కు ఒకసారి వెళుతుంది. కానీ ఒక్కొక్క బస్సుకూ బోర్డింగ్ పాయింట్లు చూపవలసి వచ్చినప్పుడు, ప్రోగ్రామర్ రాసిన చిన్న లూపు బస్సుకొకటి చొప్పున మరో అరవై ప్రశ్నలు పంపుతుంది. డేటాబేస్ పట్టికలను ప్రోగ్రాములోని వస్తువులుగా చూపే ఓఆర్‌ఎం అనే పొర ఈ ప్రశ్నలను తానే రాసుకుంటుంది కాబట్టి, చదవడానికి ఎంతో అందంగా ఉన్న రెండు వాక్యాల వెనుక 61 ప్రశ్నలు ఉన్నాయన్న సంగతి కంటికి కనిపించదు. అప్లికేషన్ హైదరాబాద్‌లోనూ డేటాబేస్ ముంబయిలోనూ ఉండి, ఒక్కొక్క ప్రశ్న వెళ్లిరావడానికి 15 మిల్లీసెకన్లు పడుతుందనుకుంటే, ప్రయాణానికే 0.9 సెకను పైగా పోతుంది. ఎంత పెద్ద సర్వర్ తెచ్చినా ఈ దూరం తగ్గదు. అరవై బస్సుల బోర్డింగ్ పాయింట్లనూ ఒకే ప్రశ్నతో అడిగితే మొత్తం రెండే ప్రశ్నలవుతాయి. జాంగోలో ప్రీఫెచ్ రిలేటెడ్ అనే సదుపాయం ఇందుకోసమే ఉంది.

ప్రశ్నల సంఖ్య తగ్గిన తరువాత కూడా ఒక్క ప్రశ్నే సెకన్లు తింటుంటే ఇండెక్స్‌ను చూడాలి. ఇండెక్స్ అంటే పుస్తకం చివర అకారాది క్రమంలో ఉండే పదసూచిక వంటిది. అది లేనప్పుడు డేటాబేస్ పట్టికలోని వరుసలన్నిటినీ చదవవలసి వస్తుంది. పది లక్షల వరుసలను క్రమంలో పెట్టి ప్రతిసారీ సగానికి విభజిస్తూ వెతికితే సుమారు 20 అడుగులు చాలు; డేటాబేస్‌లు వాడే బీ-ట్రీ అమరికలో ఇంకా తక్కువే పడతాయి. ప్రశ్నకు ముందు ఎక్స్‌ప్లెయిన్ అనే ఆదేశాన్ని చేరిస్తే, డేటాబేస్ ఏ దారిలో వెతకబోతున్నదో అదే చెబుతుంది. అయితే కనిపించిన ప్రతి నిలువు వరుసకూ ఇండెక్స్ పెట్టడం తగదు, ఎందుకంటే కొత్త టికెట్ నమోదైన ప్రతిసారీ ఆ ఇండెక్స్‌లన్నిటినీ సవరించవలసి ఉంటుంది.

రద్దీలో మాత్రమే బయటపడే జాప్యం వేరు రకం. ఎనిమిది వర్కర్లు, అనగా ఒక్కసారికి ఒక్క అభ్యర్థనను నిర్వహించే ప్రక్రియలు ఉన్న సర్వర్‌లో ఒక్కొక్క పనికి రెండు సెకన్లు పడితే సెకనుకు నలుగురికే సమాధానం దొరుకుతుంది. సెకనుకు అంతకంటే ఎక్కువమంది వస్తుంటే వరుస పెరుగుతూనే పోతుంది. ఒకే సీటు ఇద్దరికి అమ్ముడుపోకుండా డేటాబేస్ వేసే తాళాన్ని, బ్యాంకు నుంచి చెల్లింపు సమాధానం వచ్చేదాకా పట్టి ఉంచే ప్రోగ్రాములలో ఈ వరుస మరింత పొడవవుతుంది. సీటును కొన్ని నిమిషాలకు కేటాయించినట్లు రాసి, తాళాన్ని వెంటనే వదిలివేయడమే సరైన పద్ధతి. ఒకసారి తెచ్చిన సమాచారాన్ని దాచుకుని మళ్లీ వాడే క్యాష్ కూడా మేలు చేస్తుంది, కానీ బోర్డింగ్ పాయింట్లను గంటలపాటు దాచవచ్చునేమోగాని ఖాళీ సీట్ల సంఖ్యను అలా దాచడం ప్రయాణికుణ్ణి మోసగించడమే అవుతుంది.

దిల్‌సుఖ్‌నగర్ శిక్షణ కేంద్రాలలో ఫ్రేమ్‌వర్క్‌లు నేర్చుకునే విద్యార్థులకు ఈ దోషాలు కనిపించకపోవడానికి బలమైన కారణం ఉంది: అభ్యాసం కోసం నిర్మించే ప్రాజెక్టులోని పట్టికలో పది పదిహేను వరుసలే ఉంటాయి, డేటాబేస్ అదే ల్యాప్‌టాప్‌లో ఉంటుంది, వాడేవాడు ఒక్కడే. అదే ప్రాజెక్టులో కల్పిత టికెట్లతో పది లక్షల వరుసలు నింపి, జేమీటర్ వంటి పరికరంతో ఒకేసారి రెండు వందల అభ్యర్థనలు పంపి, ఒక్కొక్క పేజీ డేటాబేస్‌ను ఎన్నిసార్లు అడుగుతున్నదో లెక్కపెట్టించే పాఠం ఒక మధ్యాహ్నంలో పూర్తవుతుంది. దాన్ని పాఠ్యక్రమంలో చేర్చడం అత్యవసరం.