కొండ ఊళ్ళలో ఇంటి విద్యుత్తు – తుపానుకు ముందు చేయవలసిన పనులు

2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్నము వద్ద తీరము దాటినది. గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగముతో వీచిన ఆ గాలి సముద్రపు ఒడ్డుననే ఆగక, అనంతగిరి, అరకు కొండలనెక్కి, కాఫీ తోటలకు నీడనిచ్చు సిల్వర్ ఓక్ చెట్లను వేళ్ళతో పెకలించినది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస వద్ద తీరము దాటి ఉద్దానపు కొబ్బరి, జీడిమామిడి తోటలను కూల్చినది. ఇవిగాక ఏటేటా వేసవిలో పిడుగులతో కూడిన గాలివానలు మన్యపు రైతులకు తెలిసినవే.

కూలిన తోటను మరల నాటుకొనవచ్చును. విద్యుత్తు తగిలి పోయిన ప్రాణము తిరిగి రాదు. కావున తోటను గూర్చి తీసుకొను శ్రద్ధలో కొంత ఇంటి కరెంటు విషయమునను తీసుకొనవలెను.

ఫ్యూజు మనిషిని కాపాడదు

ఇంటిలో ఫ్యూజు గాని, ఎమ్‌సీబీ గాని ఉన్నచో భయము లేదని పలువురు తలచుచుందురు. ఇది పొరపాటు. ఫ్యూజు కాపాడునది తీగను. తీగలో కరెంటు మోతాదు మించి పారి, అది వేడెక్కి, ఇల్లు అంటుకొనకుండ చేయుటయే దాని పని. మనిషి ప్రాణము తీయుటకు అంత కరెంటు అక్కరలేదు. ఆంపియరులో పదవ వంతు చాలును.

చిన్న లెక్క చూడుడు. గ్రైండరులోని తీగ పైపొర చెడి దాని ఇనుప తొడుగునకు కరెంటు తగిలినదనుకొందము. ఎర్తు గుంత నిరోధము 50 ఓములు ఉన్నచో, 230 వోల్టుల వద్ద నేలలోనికి పోవు కరెంటు సుమారు నాలుగున్నర ఆంపియర్లు. 10 ఆంపియర్ల ఫ్యూజు దీనికి కరగదు. గ్రైండరు యథాప్రకారము తిరుగుచునే యుండును; తడిచేతితో దానిని ముట్టిన ఇల్లాలికి షాకు తగులును.

కొండ నేలలో ఎర్తు

బంకమట్టి గల పల్లపు నేలలలో మంచి ఎర్తు సులువుగా దొరకును. కొండ నేలలలో పైపొర పలుచన, అడుగున రాయి. వేసవిలో తేమ యుండదు. అందుచే నిరోధము హెచ్చుగా నుండును.

సాధారణముగా రెండున్నర మీటర్ల జి.ఐ. గొట్టమును నిలువుగా పాతుదురు. రాయి అడ్డు తగిలి గొట్టము దిగనిచో, దానిని కోసి పొట్టిచేసి పాతుట పనికిరాదు. అర మీటరు లోతున, 15 మీటర్ల పొడవున కందకము త్రవ్వి, జి.ఐ. పట్టీని అడ్డముగా పరచి, మెత్తని మట్టితో కప్పి అదుమవలెను. పెరటిలో నీరు పారు చోటు ఇందుకు మేలు. ఉప్పు ఎక్కువగా వేసినచో గొట్టము త్వరగా తుప్పుపట్టును. వేసవిలో ఎర్తు గుంతకు అప్పుడప్పుడు నీరు పోయుడు. గుంత వద్ద తీగ బిగింపు ఊడకుండ ఏటా చూచుకొనుడు.

ఆర్‌సీసీబీ తప్పక అమర్చుకొనుడు

ఎర్తు ఎంత బాగుగా వేసినను కొండ నేలలో అది ఒక్కటే చాలదు. మెయిను స్విచ్చి తరువాత 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీని అమర్చుకొనుడు. ఫేజు తీగలో పోయిన కరెంటు, న్యూట్రలు తీగలో తిరిగి వచ్చిన కరెంటు సమానముగా ఉన్నవా లేవా అని ఇది చూచుచుండును. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరులోగానే, కనురెప్పపాటులో కరెంటును ఆపివేయును. పై లెక్కలోని నాలుగున్నర ఆంపియర్లు దీనికి నూరు రెట్లకు మించినవి.

దీనిని పెట్టినంత మాత్రాన ఎమ్‌సీబీని తీసివేయరాదు, రెండును కావలెను. దానిపై నుండు పరీక్ష మీటను మూడు నెలలకొకసారి నొక్కుడు. నొక్కగానే పడిపోనిచో మార్చివేయుడు. న్యూట్రలుకు బదులు ఎర్తు తీగతో దీపములు వెలిగించుకొను ఇండ్లలో ఇది వెంటనే పడిపోవును. అప్పుడు తీసివేయవలసినది ఆ తప్పుడు కలయికను గాని, ఆర్‌సీసీబీని కాదు.

రేకుల కప్పు, బట్టల దండెము

సర్వీసు తీగ రేకు అంచుకు తగిలి గాలికి ఒరయుచున్నచో, పైపొర చెడి కప్పు అంతటికిని కరెంటు వచ్చును. తీగను పింగాణి ఇన్సులేటరుపై బిగించి, రేకుకు తగులకుండ ఎత్తుగా, ప్లాస్టిక్ గొట్టము గుండా లోనికి తీసికొనిపొండు. దండెమునకు ఇనుప తీగ వలదు, నైలాను త్రాడు కట్టుడు. తీగల దాపునకు వచ్చిన కొమ్మలను మీరు నరుకక, లైన్‌మన్‌కు తెలిపి, లైను ఆపించిన పిమ్మటనే నరికింపుడు.

గాలివాన వేళ, ఆ తరువాత

ఉరుము వినబడగానే టీవీ, ఫ్రిజ్జు ప్లగ్గులను ఊడదీయుడు. పిడుగును ఆర్‌సీసీబీ గాని, ఎర్తు గాని ఆపజాలవు. దీపములు కొన్ని మిక్కిలి ప్రకాశముగను, కొన్ని మసకగను వెలిగినచో బయట న్యూట్రలు తెగినదని తలచి, వెంటనే మెయిను ఆపుడు. అట్టి వేళ ఇంటికి 230కి బదులు 400 వోల్టుల వరకు రావచ్చును.

నేలపై పడిన తీగలో కరెంటు లేదని ఎన్నడును నమ్మరాదు. పది మీటర్ల దూరమున నిలిచి, పశువులను, పిల్లలను రానీయక, 1912కు ఫోను చేయుడు. 11 వేల వోల్టుల తీగను ఎండు కర్రతోనైనను తాకరాదు. ఇంటిలో ఎవరికైనను షాకు తగిలినచో ముందు మెయిను ఆపి, పిదప మనిషిని ముట్టుడు, 108కి తెలియజేయుడు.

జనరేటరును ఇంటి వైరింగుకు కలుపువారు ఛేంజోవర్ స్విచ్చి తప్పక పెట్టవలెను. లేనిచో మీ జనరేటరు కరెంటు ట్రాన్స్‌ఫార్మరు ద్వారా వెనుకకెక్కి, స్తంభముపై మీ ఊరి లైను బాగుచేయుచున్న మనిషి ప్రాణము తీయును.

గ్రామోద్యోగులకు ఒక మనవి. తుపానుల కాలము ముదురుటకు ముందే, ఆగస్టు నెలలో, అర్హతగల ఎలక్ట్రీషియనును పిలిపించి బడి, అంగన్‌వాడీ, పంపు గది మొదలుగా ఊరిలోని ఎర్తు గుంతలన్నిటిని కొలిపింపుడు. సభలో చెప్పిన మాట కంటె బడి గోడపై అమర్చిన ఆర్‌సీసీబీని చూచి రైతులు త్వరగా నేర్చుకొందురు.