నమూనా రాకెట్టు: రూపము, నడక

పాఠశాలల సైన్సు ప్రదర్శనలలో శ్రీహరికోట రాకెట్లను పోలిన నమూనాలను తరచుగా చూచుచున్నాము. పెక్కింటికి రంగులు కుదురును గాని కొలతలు కుదురవు. నిజమైన వాహనమును సరియైన పాళ్లలో తగ్గించుట ఎట్లో, దానిని ఎగురవేయదలచినచో ఏ చిక్కు వచ్చునో ఇచ్చట వివరించెదము.

2008లో చంద్రయాన్-1ను మోసికొనిపోయిన పి.ఎస్.ఎల్.వి. వాహనమునే తీసికొందము. దాని ఎత్తు సుమారు 44.4 మీటర్లు, మొదటి దశ వ్యాసము 2.8 మీటర్లు. దాని చుట్టును 1 మీటరు వ్యాసము గల ప్రక్క మోటార్లు 6 కలవు. ప్రతి కొలతను 50చే భాగించినచో నమూనా ఎత్తు 89 సెంటీమీటర్లు, నడిమి గొట్టము 5.6 సెంటీమీటర్లు, ప్రక్క గొట్టములు 2 సెంటీమీటర్లు అగును. ఉపగ్రహమును కప్పు తలకవచము వ్యాసము 3.2 మీటర్లు, అనగా అది క్రింది భాగము కంటె వెడల్పు. నమూనాలో దీనిని 6.4 సెంటీమీటర్లుగా చేయవలెను. పిల్లలు సాధారణముగా విడిచిపెట్టునది ఈ ఉబ్బునే. గొట్టములను దళసరి కాగితముతో చుట్టి జిగురుతో అంటించిన చాలును.

ప్రదర్శనకు ఇంతవరకే చాలును. ఎగురవేయుట వేరు సంగతి. పి.ఎస్.ఎల్.వి.కి రెక్కలు లేవు. అది ఏ మాత్రము ఒరిగినను లోని పరికరములు వెంటనే గ్రహించును. మొదటి దశలో నాజిల్ ప్రక్కనుండి ద్రవమును చిమ్మి మంట దిశను మార్చి వాహనమును సరిదిద్దును. కాగితపు నమూనాకు ఇట్టి బుద్ధి లేదు. దీపావళి తారాజువ్వకు పొడవైన పుల్ల ఏల కట్టుదురో తలచుకొన్నచో విషయము బోధపడును. పుల్ల విరిగిన జువ్వ ఎవరి యింటిలో దూరునో చెప్పలేము.

కావున నమూనా అడుగున పారదర్శకమైన ప్లాస్టిక్ రేకుతో 4 రెక్కలు అమర్చవలెను. దూరమునకు అవి కనబడవు, రూపము చెడదు. తలలో మట్టిముద్ద నుంచవలెను. పిమ్మట రెక్కలతో సహా నమూనా ఆకారమును అట్టపై గీసి కత్తిరించి, స్కేలు అంచుపై తూచవలెను. అది నిలిచిన చోటు సుమారుగా గాలి ఒత్తిడి కేంద్రము. మోటారుతో సహా పూర్తియైన నమూనాను దారమునకు వ్రేలాడదీసి, సమముగా నిలుచు చోటు గుర్తింపవలెను; అది గరిమనాభి. గరిమనాభి ఒత్తిడి కేంద్రము కంటె కనీసము గొట్టము వ్యాసమంత, అనగా 5.6 సెంటీమీటర్లు, తలవైపున ఉండవలెను. లేనిచో మట్టి హెచ్చింపవలెను. ఆ దారమునే పట్టి చుట్టును త్రిప్పినపుడు తల ముందుగా సాగినచో నమూనా తిన్నగా ఎగురునని నమ్మవచ్చును.

మందు విషయమున మేము గట్టిగా చెప్పవలసియున్నది. సురేకారము, గంధకము, అగ్గిపుల్లల మందు ఇంట కలుపరాదు. ఇనుప గొట్టములో కూరిన మందు రాకెట్టు కాదు, బాంబు. వ్రేళ్లు, కండ్లు పోగొట్టును. కర్మాగారములో తయారైన, కాగితపు తొడుగు గల చిన్న మోటారునే, ఉపాధ్యాయుని సమక్షమున, దూరమునుండి విద్యుత్తు తీగతో వెలిగింపవలెను. అట్టి మోటారు దొరకనిచో నమూనాను బల్లపైననే నిలుపవలెను. ఎగురవేయు చోటు గడ్డివాములకు, పూరిండ్లకు, కరెంటు తీగలకు దూరమైన బీడుగా ఉండవలెను. గాలి విసరుగా ఉన్నచో ఆనాటికి మానుకొనవలెను.