రిమోట్ బండి స్టీరింగ్ వణుకుతోందా? సర్వో మార్చే ముందు కరెంటు దారి చూడండి

జీవామృతం, నీమాస్త్రం, దశపర్ణి కషాయం పిచికారీకి కూలీలు దొరక్క, 12 వోల్టుల బ్యాటరీతో నడిచే చిన్న రిమోట్ బండ్లు తయారు చేసుకుంటున్న వాళ్ళు మనలో ఉన్నారు. నేనూ కూరగాయల సాళ్ళలో 20 లీటర్ల ట్యాంకు బండి నడుపుతున్నాను. ఈ బండ్లలో తరచుగా వచ్చే తంటా స్టీరింగ్‌ది. ఖాళీ ట్యాంకుతో ఇంటి ముందు చక్కగా తిరుగుతుంది. ట్యాంకు నింపి చేలోకి దింపగానే చక్రాలు వణుకుతాయి, సగం తిరిగి ఆగిపోతాయి. వెంటనే సర్వో పోయిందనుకుని కొత్తది కొనేస్తాం. చాలాసార్లు తప్పు సర్వోది కాదు, దానికి అందే కరెంటుది. వీడియోలో చేసి చూపించిన పరీక్షలనే ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

ఇది డబ్బుకు సంబంధించిన విషయమే కాదు. వోల్టేజీ పడిపోతే రిసీవర్ ఆగి మళ్ళీ మొదలవుతుంది. ఆ కాసేపు బండి మన మాట వినదు. ముప్పై, నలభై కిలోల బండి అదుపు తప్పితే సాళ్ళు తొక్కేస్తుంది, పక్కన పిల్లలో పశువులో ఉంటే ఇంకా ప్రమాదం.

కరెంటు ఎలా వస్తుంది?

బ్యాటరీ నుంచి 12 వోల్టులు స్పీడ్ కంట్రోలర్‌కి వస్తాయి. దాంట్లోనే బీఈసీ అనే చిన్న భాగం ఉంటుంది. అది 12 వోల్టులను 5 లేదా 6 వోల్టులకు దించి రిసీవర్‌కి ఇస్తుంది. రిసీవర్ నుంచి సర్వోకి మూడు వైర్లు వెళ్తాయి. ఎరుపు ప్లస్, నలుపు లేదా గోధుమ రంగు మైనస్, తెలుపు లేదా నారింజ లేదా పసుపు రంగుది సిగ్నల్. అంటే సర్వో తినే కరెంటంతా ఆ చిన్న బీఈసీ మీదే పడుతుంది.

ఎంత తింటుంది? మార్కెట్లో బాగా దొరికే ఎంజీ 996ఆర్ రకం సర్వోనే తీసుకోండి. మామూలుగా తిరిగేటప్పుడు 6 వోల్టుల దగ్గర 0.5 నుంచి 0.9 ఆంపియర్లు. చక్రం బిగుసుకుని కదలకపోతే 2.5 ఆంపియర్ల దాకా లాగుతుంది. బరువు బండ్లకు వాడే పెద్ద సర్వోలు ఇంకా ఎక్కువ లాగుతాయి. కంట్రోలర్‌లోని బీఈసీ 1 ఆంపియరుదో 2 ఆంపియర్లదో అయితే అక్కడే చేతులెత్తేస్తుంది.

పాత పద్ధతి లీనియర్ బీఈసీ అయితే ఇంకో ఇబ్బంది. 12 నుంచి 5కి దించేటప్పుడు మిగిలిన 7 వోల్టులు వేడిగా పోతాయి. 1 ఆంపియర్ వాడితే 7 వాట్ల వేడి, 2 ఆంపియర్లు వాడితే 14 వాట్లు. ఎండలో మూసిన డబ్బాలో అది కాలిపోయేంత వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. పొద్దున బాగా నడిచి పదిన్నర, పదకొండుకి మొరాయించే బండ్లలో ముందు దీన్నే అనుమానించాలి.

పరీక్షలు ఈ వరుసలో చేయండి

ముందు బండిని ఇటుకల మీదకెత్తి చక్రాలు గాల్లో ఉంచండి. నడిపే మోటారు వైర్లు విప్పేయండి. ఇది చేయకుండా ఏ పరీక్షా వద్దు.

ఒకటి, సర్వో నుంచి చక్రానికి వెళ్ళే కడ్డీ ఊడదీయండి. చక్రాలను చేత్తో అటూ ఇటూ తిప్పండి. తేలిగ్గా తిరగాలి. బిగువుగా ఉంటే మట్టి పట్టిందో, బుష్ అరిగిందో, కడ్డీ వంగిందో చూడండి. ఇది సరిచేయకుండా ఎంత పెద్ద బీఈసీ పెట్టినా దండగ.

రెండు, కడ్డీ లేకుండా రిమోట్‌తో సర్వోని తిప్పండి. ఒంటరిగా కూడా వణికితే సర్వోలోగానీ, కరెంటులోగానీ లోపం. ఒంటరిగా బాగుండి, కడ్డీ తగిలించి నేల మీద పెడితే వణికితే బరువుకు సరిపడా కరెంటు అందట్లేదని అర్థం.

మూడు, రిసీవర్‌లో ఖాళీగా ఉన్న చానెల్‌లో ప్లస్, మైనస్ మధ్య మల్టీమీటర్ పెట్టండి. ఒకరు చక్రాలను చేత్తో ఆపుతుండగా ఇంకొకరు రిమోట్ తిప్పండి. రెండు మూడు సెకన్లకు మించి ఆపొద్దు, సర్వో వేడెక్కుతుంది. 5 వోల్టులు ఉన్నచోట 4.5 కిందకు పడుతుంటే కరెంటు చాలట్లేదు. రెప్పపాటులో పడి లేచేది మామూలు మీటర్‌కి అందదు. మీటర్‌లో మిన్-మ్యాక్స్ బటన్ ఉంటే వాడండి. లేకపోతే రిసీవర్ లైటు మీద కన్నేయండి. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా లైటు ఆరి వెలుగుతుంటే వోల్టేజీ పడిపోతున్నట్టే.

నాలుగు, పిచికారీ పంపు ఆన్ చేసి అదే పరీక్ష మళ్ళీ చేయండి. పంపు మొదలయ్యేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. అప్పుడే స్టీరింగ్ తప్పుతుంటే బ్యాటరీ దగ్గర కూడా వోల్టేజీ కొలవండి. అక్కడా బాగా పడిపోతే బ్యాటరీ ముసలిదైంది లేదా చార్జింగ్ లేదు. బ్యాటరీ దగ్గర బాగుండి కంట్రోలర్ దగ్గర తక్కువ ఉంటే మధ్యలో వైరు సన్నం, లేదా కనెక్టర్ పాడైంది.

మన బండ్లకు ప్రత్యేకమైన సంగతి ఇక్కడే ఉంది. గోమూత్రంలో ఉప్పులు, అమ్మోనియా ఉంటాయి. తుంపర పడ్డ రాగి వైర్లు, పిన్నులు పచ్చగా చిలుము పడతాయి. చూడ్డానికి తగిలే ఉంటుంది, కరెంటు మాత్రం సరిగా పోదు. చిలుము పట్టిన పిన్నులు మార్చండి. కంట్రోలర్, రిసీవర్ ఉన్న డబ్బా ట్యాంకు కింద కాకుండా పక్కకు, ఎత్తులో పెట్టండి.

ఐదు, కంట్రోలర్ నుంచి రిసీవర్‌కి వచ్చే ప్లగ్ తీసేసి, నాలుగు చార్జింగ్ ఎన్ఐఎంహెచ్ సెల్స్ (4.8 వోల్టులు) రిసీవర్‌కి పెట్టి స్టీరింగ్ ఒక్కటే తిప్పండి. ఇప్పుడు సాఫీగా తిరిగితే సర్వో మంచిదే, లోపం బీఈసీది. అప్పటికీ వణికితేనే సర్వో మార్చాలి.

సరిచేసే విధానం

విడిగా ఒక స్విచింగ్ బీఈసీ కొనండి. సర్వో బిగుసుకున్నప్పుడు లాగే కరెంటు కంటే రెట్టింపు ఇవ్వగలిగేది చూడండి. 2.5 ఆంపియర్ల సర్వోకి 5 ఆంపియర్లది. వోల్టేజీ సర్వో కాగితం మీద రాసినంతే పెట్టండి, రిసీవర్ కూడా అంత తట్టుకుంటుందో లేదో చూడండి. బ్యాటరీ 12 వోల్టులను నేరుగా సర్వోకి ఇస్తే అక్కడికక్కడే కాలిపోద్ది.

కొత్త బీఈసీ పెట్టాక, కంట్రోలర్ నుంచి రిసీవర్‌కి వచ్చే ప్లగ్‌లో ఎర్ర వైరు పిన్ బయటకు తీసి టేపు చుట్టండి. లేకపోతే రెండు బీఈసీలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. నలుపు, సిగ్నల్ వైర్లు అలాగే ఉండాలి. మైనస్ వైర్లన్నీ ఒకదానితో ఒకటి కలిసి ఉండాలి, లేకపోతే సిగ్నల్ అర్థం కాక సర్వో పిచ్చిపిచ్చిగా తిరుగుతుంది. బీఈసీకి వెళ్ళే ప్లస్ వైరులో ఫ్యూజ్ పెట్టడం మరవొద్దు.

తర్వాత రిమోట్‌లో ఎండ్ పాయింట్ సరిచేయండి. చక్రం ఆఖరికి వెళ్ళి ఇనుముకు తగలక ముందే సర్వో ఆగాలి. తగిలాక కూడా తోస్తుంటే అది పూర్తి కరెంటు లాగుతూ వేడెక్కుతూనే ఉంటుంది. ఆగి ఉన్న బండి చక్రాలు తిప్పడానికి చాలా బలం కావాలి, అందుకే బండి కదులుతుండగానే తిప్పే అలవాటు చేసుకోండి.

చివరగా ఫెయిల్ సేఫ్ చూడండి. చక్రాలు గాల్లో ఉండగానే మోటారు వైర్లు తగిలించి, నెమ్మదిగా నడుపుతూ రిమోట్ ఆఫ్ చేయండి. మోటారు ఆగిపోవాలి. ఆగకపోతే ఆ బండిని చేలోకి దింపొద్దు. అది సెట్ అయ్యాక, మొదటిసారి నిండు ట్యాంకుతో మంచినీళ్ళే పోసి, మనుషులు, పశువులు లేని చోట నడిపి చూడండి. జీవామృతం ఆ తర్వాతే.