బడి కట్టడానికీ చట్టముంది

గోదావరి డెల్టాలో ప్రభుత్వ పాఠశాలలు అధికభాగం జిల్లా పరిషత్తు, మండల పరిషత్తు, పురపాలక సంఘాల యాజమాన్యంలో నడుస్తున్నాయి. వాటి భవనాలకు వెచ్చించేది ప్రజాధనం కనుక, పని ఎవరికి అప్పగించాలన్నది అధికారుల ఇష్టాయిష్టాలకు వదిలిన విషయం కాదు. ప్రభుత్వ సంస్థ తనకు నచ్చినవారికి పనులు పంచిపెట్టరాదని, అర్హులందరినీ సమానంగా చూడాలని సుప్రీంకోర్టు 1979లో రమణ దయారాం శెట్టి కేసులో స్పష్టం చేసింది.

ఈ సూత్రం అమలయ్యే మొదటి మార్గం టెండరు. అంచనా తయారై, ఖర్చుకు పరిపాలనా అనుమతి, నిర్మాణ వివరాలకు సాంకేతిక అనుమతి లభించాక, ధరావతు చెల్లించిన గుత్తేదారులు ధరలు దాఖలు చేస్తే, అర్హులలో తక్కువ ధర వేసినవారికి సాధారణంగా పని దక్కుతుంది. పని దక్కినవారు వెనక్కు తగ్గకుండా హామీగా ముందే కట్టించుకునే సొమ్మునే ధరావతు అంటారు.

రెండవ మార్గంలో ఊరివారే పని చేయిస్తారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 21వ సెక్షను ప్రకారం ఏర్పడే పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగం మంది మహిళలు ఉండాలి. 2019 నవంబరు 14న ఒంగోలులో మొదలైన ‘మన బడి నాడు-నేడు’ పథకం మరమ్మతులు, మరుగుదొడ్ల వంటి పనులను తల్లిదండ్రుల కమిటీలకే అప్పగించి, బల్లలు, ఫ్యాన్ల వంటి వస్తువులను మాత్రం రాష్ట్రస్థాయి టెండర్ల ద్వారా తెప్పించింది.

అయితే డెల్టాలో కమిటీ కన్ను ఒక్కటే చాలదు. బంకమట్టి తడికి ఉబ్బి ఎండకు కుంగుతుంది, భూగర్భజలం పైపైనే ఉంటుంది, 1996 నవంబరులో కోనసీమను కూల్చినటువంటి తుఫానులు మళ్లీ రావచ్చు. కనుక భవనం బలమంతా పునాది లోతులో, అందులో వేసిన ఇనుములో ఉంటుంది. మట్టి కప్పాక అది ఎవరికీ కనిపించదు. అందుకే పూడ్చకముందే ఇంజనీరు కొలిచి కొలతల పుస్తకంలో, అంటే ఎం-బుక్కులో, నమోదు చేయాలి. ఆ కొలతల ఆధారంగానే బిల్లు చెల్లించాలి.

ఆ పుస్తకం ఇంజనీరుకే పరిమితం కాదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం పత్రాల నకళ్లు పొందే హక్కుతోపాటు, జరుగుతున్న పనిని తనిఖీ చేసి, సామగ్రి నమూనాలు తీసుకునే హక్కును కూడా పౌరులకు ఇచ్చింది. పిల్లలు కూర్చునే గది భద్రత దృష్ట్యా, తల్లిదండ్రులు ఈ హక్కును గోడలు లేచాక కాక, పునాది తవ్వుతున్నప్పుడే వినియోగించుకోవాలి.